కమలికి తోడుగా మిరియం

ఘాట్ రోడ్డు కొండ దిగి మలుపు తిరిగేచోట సుందరమ్మ దొడ్డి ఉంది. ఒకప్పుడు అక్కడి పొట్టి గుర్రాలు సంతకు పసుపు బస్తాలు మోసేవి. ఊళ్లకు ఆటోలు తిరగడం మొదలయ్యాక వాటికి పని పోయింది. గడ్డి మేస్తూ, ఈగలు తోలుకుంటూ, తమను ఎప్పుడు ఎవరికి అమ్మేస్తారోనని లోలోపల దిగులు పడుతూ ఉండేవి.

అలాంటి దొడ్డికి ఆ ఏడాది పిల్లలు రావడం మొదలైంది. నడవలేని పిల్లలు, చూపు లేని పిల్లలు, మాట రాని పిల్లలు. పక్క ఊరి బడివాళ్లు ప్రతి ఆదివారం తీసుకొచ్చేవారు. ఒక్కో పిల్లకు ఒక్కో గుర్రం జత. దాన్ని నిమరడం, మేత పెట్టడం, తాడు పట్టుకుని పక్కనే తిరగడం. సుందరమ్మ ఏ గుర్రాన్నీ లాక్కొచ్చి నిలబెట్టేది కాదు. పిల్లను దొడ్డి మధ్యకు తెచ్చేది. తనంతట తాను నడిచి వచ్చిన గుర్రమే ఆ పిల్లకు తోడు.

ఒక ఆదివారం కమలి అనే కొత్త పిల్ల వచ్చింది. చక్రాల కుర్చీలో కూర్చుని నేల చూపులు చూస్తోంది. నడక లేదు, మాట లేదు. దెబ్బ తగిలినా గొంతు పైకి రాదు. మిగతా గుర్రాలన్నిటికీ జతలు కుదిరాయి. మిగిలినవి రెండే. ఒకటి దాసు అనే ఎర్ర గుర్రం. రెండోది అన్నిటికంటే చిన్నది, నల్లగా ఉంటుంది, పేరు మిరియం.

"నేను వెళ్లను. ఈ పిల్లలు తోక పట్టుకుంటే వదలరు," అంది దాసు.

మిరియానికి వెళ్లాలనే ఉంది. కానీ ఎండుటాకు రాలినా బెదిరే గుర్రం అది. అడుగు పడలేదు. కాసేపు చూసి, కమలి తండ్రి లోకనాథం కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం కంచె అవతల నక్క కనిపించింది. దాని కన్ను ఎప్పుడూ దొడ్డి చివరనున్న కోళ్ల గూడు మీదే. మామూలు రోజుల్లో అక్కడ కుక్క కాపలా. పిల్లలు జడుసుకుంటారని ఆదివారం కుక్కను పెరట్లో కట్టేసి, గూడు పక్కన సుందరమ్మే కూర్చుంటుంది. ఆమె ఒక్కసారి లేస్తే చాలని నక్క కాచుకుని ఉంది.

"ఏం మిరియం, ముఖం వేలాడేసుకున్నావు?"

"ఆ పిల్ల ఒంటరిగా వెళ్లిపోయింది మామా. నా కాళ్లు రాలేదు."

నక్క ఆలోచన చకచకా సాగింది. బెదిరే గుర్రం పిల్ల పక్కన ఉండి అదిరి పరుగెత్తితే, సుందరమ్మ గూడు వదలక తప్పదు.

"వెళ్లు తల్లీ. నీకున్న మెత్తని మనసు ఈ దొడ్డిలో ఎవరికుంది? ఈసారి నువ్వే ముందు నడు."

మరుసటి ఆదివారం మిరియం నడిచింది. కమలి ముట్టుకోలేదు, తలెత్తలేదు. వెళ్లే వేళకు మాత్రం చేతి వెనక వైపు మిరియం మూతికి ఆనించి అలాగే ఉంచింది. మిరియం ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం నక్క మళ్లీ వచ్చింది.

"సంతోషమే గానీ ఒక్క మాట. నీ డెక్క ఆ పిల్ల పాదం మీద పడిందనుకో. అమ్మా అనలేదు. నీకెలా తెలుస్తుంది?"

"చూసుకుంటాను మామా."

"వెనక కాలు నీకు కనబడుతుందా? నువ్వు కాస్త అదిరి తాడు లాగితే కుర్చీ బోల్తా పడుతుంది. పడినా అరవదు. చెబుతున్నానంతే, నీ మంచికే."

మిరియం బెదురు ఇంకా పెరగాలని నక్క రోజూ వచ్చి ఇలాంటిదే ఒకటి చెవిలో వేసి పోయేది. మిరియం మేత మానేసింది. నిలబడ్డచోటే కాళ్లు మార్చుకుంటూ ఉండేది. అది పక్క కొట్టంలోని ముసలి ఎద్దు బసవయ్య కంటబడింది.

"గడ్డి ముట్టలేదేం అమ్మాయ్?"

"ఆదివారం వెళ్లనేమో తాతా. నేను పిరికిదాన్ని. నా వల్ల ఆ పిల్లకు ఏదైనా అయితే?"

బసవయ్య నెమరు ఆపింది. "బండి కట్టిన మొదటేడు నాకూ ఇదే గుబులు. పక్కన నడిచే మనిషి పాదం మీద చక్రం ఎక్కిస్తానేమోనని. భయం పోయాక కదులుదామనుకుంటే ఇప్పటికీ ఈ కొట్టంలోనే ఉండేవాణ్ణి."

"మరేం చేశావు?"

"చూసుకుని అడుగేశాను. ఆ పిల్ల నోటితో చెప్పదు. చేత్తో ఏమైనా చెబుతుందేమో, కనిపెట్టు."

మిరియం వెళ్లింది, కనిపెట్టింది. నెమ్మదిగా ఉన్నప్పుడు కమలి వేళ్లు జూలులో వదులుగా ఆడతాయి. నెత్తిమీద కాకి అరిస్తే బిగుసుకుంటాయి. అంతే తెలిసింది. గుబులు మాత్రం తగ్గలేదు.

తరువాతి ఆదివారం ఎండ మండుతోందని దొడ్డి మధ్యలో టార్పాలిన్ పందిరి కట్టారు. కమలి కుర్చీ దాని అంచున ఉంది. వెనక లోకనాథం నిలబడ్డాడు. నక్క చప్పుడు లేకుండా కంచె దూరి, మేకుకు కట్టిన పందిరి తాడును కొరికింది.

టార్పాలిన్ ఒక్కసారిగా లోకనాథం మీద కూలింది. లోపల అతను గింజుకుంటుంటే దాని కొసలు టపటపా కొట్టుకున్నాయి. గుర్రాలు ముందుకాళ్లు లేపాయి. దాసు దొడ్డి ఆ చివరికి పారిపోయింది. పంతుళ్లు పిల్లల్ని చంకనెత్తుకుని పరుగెత్తారు.

మిరియం ఒళ్లంతా దూకడానికి సిద్ధమైంది. ఆ క్షణంలో అలవాటుగా కమలి చేతిని చూసింది. పిల్ల ఎప్పుడు చేసిందో గానీ, మిరియం తాడును మణికట్టుకు చుట్టేసుకుంది. ఒక్క అడుగు లాగితే చాలు. కుర్చీ పడిపోతుంది. పిల్లను తాడు ఈడ్చుకుపోతుంది. అరవదు. ఎవరూ చూడరు.

మిరియం నాలుగు డెక్కలూ నేలకు ఒత్తిపట్టింది. టార్పాలిన్ అంచు వీపు మీద ఛెళ్లుమంది. చర్మం అలలా కదిలింది. కాళ్లు కదల్లేదు. కమలి రెండో చేయి జూలును గట్టిగా పట్టుకుంది.

సుందరమ్మ గూడు వదిలి పరుగందుకుంది. సగం దూరంలో, కుర్చీ నిలబడే ఉండటం చూసి ఆగింది. అప్పుడే వెనక కోళ్లు గోల పెట్టాయి. తిరిగి చూస్తే నక్క తల గూట్లో, తోక బయట. ఆమె తోక పట్టి ఇవతలికి ఈడ్చి, తవుడు గంప దాని మీద బోర్లించి, గంప మీద కూర్చుంది.

"పిరికిదానివే కదా," అని గంప కిందనుంచి నక్క మూలిగింది. "ఎందుకు పరుగెత్తలేదు?"

"నువ్వు చెప్పినవన్నీ నిజమేననిపించింది మామా. అందుకే కదల్లేదు. భయం పోయిందనుకోకు. కాళ్లు ఇంకా వణుకుతున్నాయి."

లోకనాథం టార్పాలిన్ కిందనుంచి బయటపడి కూతురి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. మణికట్టు నుంచి తాడు విప్పాడు. జూలు పట్టుకున్న వేళ్లు మాత్రం విడలేదు. అతను తొందరపెట్టలేదు. గుర్రం కూడా తొందరపడలేదు. చాలాసేపటికి ఆ వేళ్లు వాటంతట అవే వదులయ్యాయి. అప్పుడు మిరియం ఊపిరి తీసుకుంది.

తన కోసం పడే భయం పరుగెత్తిస్తుంది, పక్కవారి కోసం పడే భయం నిలబెడుతుంది.