బిరుదు చెప్పుకున్న కొమురమ్మ

అనగనగా, కొండలు కూడా ఇంకా కొత్తగా ఉన్న కాలంలో, సింగారకోట గుమ్మంలో ఒక కంచుబొమ్మ ఉండేది. ఏది అడిగినా జవాబు చెప్పేది. దానికి చెవులున్నాయి గానీ కళ్ళు లేవు.

ఆ కోట ఉన్న కొండ కింద, దూరాన ఒక ఊళ్ళో కొమురమ్మ అనే గొర్రెల కాపరి ఉండేది. మగడు పోయాక మందే ఆమెకు మగడూ, బిడ్డలూ. ఆ ఏడు వానలు పట్టాక గొర్రెలు ఒకటొకటిగా కుంటడం మొదలుపెట్టాయి. కుంటినవి మేతకు నడవలేక చిక్కి శల్యమవుతున్నాయి. మంద పోతే తను బతికి ఏం లాభం?

రెండు రోజులు నడిచి కొండెక్కింది. "బొమ్మా, గొర్లు కుంటుతున్నయి. ఏం జెయ్యాలె?" అంది.

"మంచి వైద్యుణ్ణి పిలిపించు" అంది బొమ్మ.

ఆ చుట్టుపక్కల ఉన్నది ఏనుగుల వైద్యుడు ఒక్కడే. ఆయన గొర్రె ముఖం చూస్తాడా? కొమురమ్మ ఉసూరుమంటూ దిగింది. ఇంటికి చేరేసరికి నాలుగు గొర్రెలు చచ్చిపోయాయి.

మళ్ళీ ఎక్కింది. కోట గుమ్మం కాపలావాడు ఆమెను చూసి నవ్వాడు. "పిచ్చిదానా, ఇక్కడికొచ్చే వాళ్ళంతా బిరుదు చెప్పుకుంటారు. పెద్దవాళ్ళకే పెద్ద జవాబు. పశువైద్య శిరోమణినని చెప్పు" అన్నాడు.

నోరు తిరగని ఆ మాటను పదిసార్లు వల్లెవేసి, బొమ్మ ముందు అప్పజెప్పి, గొర్రెల కుంటు సంగతి మళ్ళీ అడిగింది.

"శిరోమణీ!" అంది బొమ్మ, ఎంతో మర్యాదగా. ఏడు మూలికల పేర్లు గడగడా చదివింది. "వాడే విధానం తమకు తెలిసిందే గనుక వివరించను" అని ఊరుకుంది.

కొమురమ్మకు గుర్తున్నవి రెండు పేర్లు. ఆ రెండూ ఆ సీమలో మొలవవు. ఈసారి ఇంటికి చేరేసరికి ఇంకో ఐదు పోయాయి.

మూడోసారి ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. కాపలావాడు పిలిచినా ఆగలేదు. బొమ్మ ముందు కూలబడింది. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

"నేను కొమురమ్మను. గొర్లు గాసుకునేదాన్ని. సదువు రాదు. వైద్యుడు మా దిక్కు రాడు. ఇంట్ల ఉప్పు, వేపాకు తప్ప ఏం లేవు. వానలు పడ్డప్పటి సంది పచ్చగున్నదని మడుగు పక్క బురదలనే మేపుతున్న. మల్లొకసారి ఈ కొండెక్కలేను తల్లీ."

బొమ్మ వెంటనే అందుకుంది.

"బురదలోనా? ఆ తడికే గిట్టలు కుళ్ళుతున్నాయమ్మా. ఇంటికి చేరగానే మందను గరుకునేల గట్టుకు తోలు. ఉప్పునీళ్ళతో గిట్టలు కడుగు. వేపాకు నూరి పట్టించు. పొడినేల మీద పడుకోబెట్టు."

కొమురమ్మకు ఒళ్ళు మండిపోయింది. "గింతేనా! మొదటినాడే నన్ను అడగరాదా, యాడ మేపుతున్నవని?"

"ఎదురు అడగడం నాకు నేర్పలేదు తల్లీ. నువ్వు చెప్పిందే నాకు తెలుస్తుంది. శిరోమణినన్నావు, శిరోమణికి చెప్పాల్సింది చెప్పాను."

కొమురమ్మ వెనుదిరిగింది. కొండ దిగి, ఇల్లు చేరిన సాయంత్రమే మందను గట్టుకు తోలి, బొమ్మ చెప్పినట్టే చేసింది. పక్షం తిరిగేసరికి మిగిలిన గొర్రెలన్నీ నాలుగు కాళ్ళ మీద నడిచాయి. పోయిన తొమ్మిదింటినీ పేరుపేరునా తలుచుకుని ఏడ్చింది.

సలహా అడిగేటప్పుడు లేని గొప్ప చెప్పుకుంటే, ఆ గొప్పకు తగ్గ జవాబే వస్తుంది. మన కష్టం తీరాలంటే మనమెవరమో, మన దగ్గర ఏముందో ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి.