మూడు చోట్ల అమ్మ పాట

దగ్గరగా జరగండమ్మా, దగ్గరగా జరగండి. వెనకాల వడపప్పు నములుతున్న బాబూ, కాస్త నెమ్మదిగా నములు, నీ దవడ చప్పుడే నా గొంతుకంటే గట్టిగా ఉంది. చెప్పబోయేది తెలివైనవాళ్ళ కథ. అందుకని ముందు సీతారాముల్ని ఒక్కసారి తల్చుకోండి. తల్చుకున్నారా? ఆ రాముడు మనకిచ్చిన బుద్ధి ఇంతే అయినా చాలని దణ్ణం పెట్టుకోండి. ఎక్కువ ఇస్తే ఏమవుతుందో గవరయ్యని చూస్తే తెలుస్తుంది.

గవరయ్యది మల్లవరం. రైసు మిల్లులో తూకం గుమస్తాగా ముప్ఫై ఏళ్ళు చేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. ఇంట్లో నలుగురు. ఆయన, ఆయన భార్య సూరమ్మ, నలభై ఏళ్ళొచ్చినా పెళ్ళి మాటెత్తని తమ్ముడు చిట్టబ్బాయి, వాళ్ళ అమ్మ మాణిక్యమ్మ. "మా నలుగురి తెలివీ ఒక్కచోట పోస్తే ఈ ఊరికి గాదె చాలదు" అనేవాడు గవరయ్య అరుగు మీద కూర్చుని.

నిజమే మరి! గుళ్ళో 'చెప్పులు బయట వదలండి' అని బోర్డు ఉంటుందా? వదిలేవాడు. దర్శనం అయ్యాక వట్టి కాళ్ళతో ఇంటికొచ్చేవాడు. "వదలమన్నారు గానీ మళ్ళీ తొడుక్కోమని ఎక్కడా రాయలేదు కదే!" అనేవాడు సూరమ్మతో. సూరమ్మ మురిసిపోయి కొత్త చెప్పులు తెప్పించేది.

ఇక మాణిక్యమ్మ సంగతి. శ్రీరామనవమికి పందిట్లో సీతమ్మవారి తలంబ్రాలు పడాలంటే ఆవిడ పాట పడాలి. నలభై ఏళ్ళుగా అదే ఆనవాయితీ. కిందటి చలికాలం జబ్బు చేసి ఆ గొంతు పోయింది. గుసగుస తప్ప మరేమీ మిగల్లేదు. అదృష్టం ఏమిటంటే, అంతకు ముందే చిట్టబ్బాయి పదకొండు పాటలు ఫోనులో పట్టి కంప్యూటర్లోకి ఎక్కించాడు.

"అమ్మా, ఈ నవమికీ నీ పాటే మోగుతుంది. ఇది నా మాట" అన్నాడు గవరయ్య ఆవిడ పాదాలు పట్టుకుని.

పందిరి పెద్దలు ఒప్పుకున్నారు. "ఉంటే సరే. లేదంటే మైకు సెట్టు కుర్రాళ్ళు వాళ్ళ పాటలు వేసేస్తారు" అన్నారు.

మాణిక్యమ్మ గుసగుసగా, "వాళ్ళ డప్పులకి మాంగల్యం పట్టుకుంటే రాముడు ఉలిక్కిపడి జారవిడుస్తాడ్రా" అంది.

గవరయ్యకి కంప్యూటరంటే పిచ్చి. మిల్లు మానేశాక అదే ఆయనకి జపం, తపం. బస్టాండు ఎదురుగా షరీఫ్ అనే ఆయన కంప్యూటర్లు బాగుచేస్తాడు. పుణ్యాత్ముడు, ఓపికకి పెట్టింది పేరు. నవమి నెల్లాళ్ళుందనగా గవరయ్య ఆయన్ని పిలిపించి, "షరీఫూ, కంప్యూటర్ని నడిపేవి లోకంలో రెండు రకాలున్నాయట కదా, నాకు రెండూ కావాలి" అన్నాడు.

పెట్టేశాడు షరీఫ్. పెట్టి, వెళ్ళబోతూ చెప్పాడు.

"బాబాయ్, ఒకే పెట్టెలో ఇద్దరున్నారు. ఒకటి విండోస్, రెండోది లినక్స్. మీట నొక్కితే ఎవరు కావాలని అడుగుతుంది. ఒకరు లేచి పనిచేస్తుంటే రెండోవాళ్ళు పడుకునే ఉంటారు. డిస్కు రెండు వాటాలు చేశాను, ఎవరి వాటా వాళ్ళది. అమ్మగారి పాటలు విండోస్ వాటాలో ఉన్నాయి."

అంతే! షరీఫ్ గుమ్మం దాటాడో లేదో ఇంట్లో మాట తగ్గిపోయింది.

"ఏవండీ," అంది సూరమ్మ చెవిలో, "ఇద్దరు మగాళ్ళు దిగారన్నమాట మనింట్లో. తిండీ తిప్పలూ ఎలాగ?"

"రెండు పళ్ళాలు పెట్టు. ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే పాపం. నెమ్మదిగా మాట్లాడు, రెండో ఆయన పడుకున్నాడు."

"ఇప్పుడు పడుకున్నది విండోసయ్యా, లినక్సయ్యా?"

"ఎవరైతేనేం, నిద్ర నిద్రే కదా!"

ఇంకేముంది, ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ గుసగుసలే. పోపు వేస్తే చిటపటలాడుతుందని సూరమ్మ పోపు మానేసింది. చిట్టబ్బాయికి తుమ్మొస్తే వీధి చివరికి పరుగెత్తేవాడు. మాణిక్యమ్మ మంచంలోంచి ఇదంతా చూసి, "నా జబ్బు అందరికీ అంటుకుందిరా భగవంతుడా" అని బెంగ పెట్టుకుంది.

తర్వాత వంతులు వేశాడు గవరయ్య. సోమ, బుధ, శుక్రవారాలు విండోసయ్యవి. మంగళ, గురు, శనివారాలు లినక్సయ్యవి. ఆదివారం ఇద్దరికీ సెలవు. ఏకాదశి నాడు ఇద్దరికీ ఉపవాసం, వైరు పీకేసి గోడ మేకుకి చుట్టేసేవాళ్ళు.

ఒక గురువారం చిట్టబ్బాయి గుండెలు బాదుకుంటూ వచ్చాడు, అదీ చప్పుడు కాకుండా.

"అన్నయ్యా! ఘోరం! లినక్సయ్య వాటాలోంచి చూస్తే విండోసయ్య సామానంతా కనిపిస్తోంది. అమ్మ పాటలు కూడా!"

"హవ్వ! పంపకాలయ్యాక పక్కవాడి గదిలోకి తొంగిచూడటమేమిట్రా? పెద్దమనుషులు చేసే పనేనా?"

"అడ్డంగా ఒక తెర కడితే సరి" అంది సూరమ్మ. పాత నేత చీర తెచ్చి కంప్యూటరు పెట్టెకి నాలుగు చుట్లు చుట్టి, పైన ముడేసి, చెంగు కూడా దోపింది. గాలాడే సందు ఒక్కటి మిగల్లేదు.

కాసేపటికి లోపల ఫ్యాను బుస్సుమంది. చిట్టబ్బాయి చెయ్యి వేసి చూసి, "అమ్మో! ఒళ్ళు కాలిపోతోందన్నయ్యా!" అన్నాడు.

"జ్వరం!" అన్నాడు గవరయ్య. "ఎవరికి?"

"ఇద్దరిదీ ఒకటే ఒళ్ళు కదా!" అన్నాడు తమ్ముడు.

అంతే! సూరమ్మ తడిగుడ్డ పట్టుకొచ్చి పెట్టె నెత్తిన వేసింది. నీళ్ళు కారుతున్నాయి. మిరియాల కషాయం మరుగుతోంది. ఎక్కడ పోయాలా అని చిట్టబ్బాయి పెట్టె చుట్టూ తిరిగి మూతి వెతుకుతున్నాడు. టప్‌మని ఒక చప్పుడు. ఇంట్లో దీపాలన్నీ ఆరిపోయాయి.

"ఇద్దరూ నిద్రపోయారు" అంది సూరమ్మ తృప్తిగా.

షరీఫ్ పరుగున వచ్చాడు. చీర విప్పి, తడి తుడిచి, రెండు రోజులు ఆరబెట్టి, ఎలాగో బతికించాడు. అమ్మ పాటలు దక్కాయి. పాపం, ఆయనకి చెమటలు పట్టాయి.

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. ముందు అమ్మగారి పాటలకి బ్యాకప్ తీసుకోండి. అంటే నకలు. ఒక్క చోట ఉన్నది లేనట్టే. మూడు చోట్ల ఉండాలి. కంప్యూటర్లో ఒకటి ఉంది కదా, ఈ రెండు పెన్‌డ్రైవుల్లో ఇంకో రెండు. వీటిలో ఒకటి ఇంటి బయట ఉండాలి. నకలు తీసి ఊరుకోకూడదు, అసలుది పోతే నకల్లోంచి తిరిగొస్తుందో లేదో పరీక్షించి చూసుకోవాలి."

గవరయ్య ఒక్క అక్షరం పోకుండా పంచాంగం వెనక రాసుకున్నాడు. షరీఫ్ కళ్ళ ముందే రెండు నకళ్ళూ తీశారు. ఇక్కడిదాకా బాగానే ఉంది. వింటున్నారా? ఇక్కడిదాకానే బాగుంది.

ఒక నకలు దేవుడి గదిలో పెట్టారు. అంతకంటే భద్రమైన చోటు ఎక్కడుంటుంది? శుక్రవారం రాగానే గవరయ్య అందరు దేవుళ్ళతో పాటు దానికీ పంచామృతాలతో అభిషేకం చేశాడు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార. "చివర చిన్న కన్నం ఉందే, లోపలికి దిగేదాకా పోశాను" అని సూరమ్మతో భక్తిగా చెప్పాడు.

రెండోది ఇంటి బయట ఉండాలన్నాడు కదా షరీఫ్. పెరట్లో బట్టలుతికే రాయి మీద పెట్టారు. ఎండ తగులుతుందని గొడుగు కట్టారు. అష్టమి ముందు రోజు అకాల వాన కొట్టింది. గొడుగు ఎగిరి పక్కవాళ్ళ కొబ్బరిచెట్టుకి వేలాడింది. పెన్‌డ్రైవు కొట్టుకుపోయి గేదె కుడితి తొట్టిలో పడింది. చిట్టబ్బాయి మోచేతి దాకా ముంచి తీశాడు.

"తడిసినవి ఎండబెడితే సరి" అని, మర్నాడు వదిన మినప వడియాలు పెట్టిన చాప మీద, వడియాల మధ్య వరసలో పెట్టాడు. ఇంటి బయట ఉన్నట్టూ ఉంది, ఎండినట్టూ ఉంది. ఎంత తెలివి చూశారా! ఒక్క సూరమ్మతో మాత్రం చెప్పడం మర్చిపోయాడు.

ఆ అష్టమి సాయంత్రమే గవరయ్య పంచాంగం తిప్పాడు. తిథి చూడబోతే షరీఫ్ మాట కనపడింది.

"ఒరేయ్ చిట్టీ! పరీక్ష మర్చిపోయాం. అసలుది పోతే తిరిగొస్తుందో లేదో చూడాలి."

"చూద్దాం అన్నయ్యా. కానీ అసలుది పోలేదు కదా?"

"అదేరా! పోనిది ఎలా తిరిగొస్తుంది? ముందు పోవాలి."

చిట్టబ్బాయి అన్నయ్య బుద్ధికి నివ్వెరపోయాడు. పదకొండు పాటలూ కంప్యూటర్లోంచి చెరిపేశాడు. "ఇంకా పూర్తిగా పోలేదన్నయ్యా, ఇందులో చెత్తబుట్ట ఉంది, అందులో పడ్డాయి."

"రేపు పండగ పెట్టుకుని ఇంట్లో చెత్తబుట్ట నిండుగా ఉంచుతామట్రా? ఖాళీ చెయ్యి!"

ఖాళీ చేశాడు.

"బాగా పోయాయా?"

"శుభ్రంగా పోయాయి."

"భేష్. ఇప్పుడు దేవుడి నకలు పట్రా."

దేవుడి నకలు గుచ్చారు. కంప్యూటరు పలకలేదు. ఊదారు. అందులోంచి చీమలు బారుగా బయటికొచ్చాయి, పాటలు రాలేదు.

"ఫరవాలేదు, ఇంకోటుందిగా. చాప మీద ఉంది!" అని చిట్టబ్బాయి పెరట్లోకి పరుగెత్తాడు. చాప ఉంది. వడియాలు లేవు.

అప్పుడే సూరమ్మ వంటింట్లోంచి పళ్ళెం పట్టుకొచ్చింది. "ఏవండీ, కొత్త వడియాలు. ఎంత బాగా పొంగాయో చూడండి. ఒక్కటే పొంగలేదు, నల్లగా మాడింది. పిండి కలపడంలో తేడా వచ్చి ఉంటుంది."

చిట్టబ్బాయి ఆ పొంగనిదాన్ని తీసుకుని ఒక కొస కొరికి చూశాడు. "వదినా," అన్నాడు నీరసంగా, "ఇది మినప్పిండి కాదు. అమ్మ."

మాణిక్యమ్మ గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. పళ్ళెం చూసింది, కొడుకుల మొహాలు చూసింది. ఆవిడకి చెప్పక్కర్లేకపోయింది.

"పోనీలేరా," అంది గుసగుసగా. "నలభై ఏళ్ళు పాడాను. ఆయనకీ విసుగు పుట్టి ఉంటుంది." వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ గోడవైపు తిరిగిన వీపు చూశాక గవరయ్యకి జన్మలో మొదటిసారి ఒక అనుమానం వచ్చింది. మనం తెలివైనవాళ్ళం కామేమో! తెల్లారగానే స్నానమైనా చెయ్యకుండా బస్టాండుకి పరుగెత్తాడు, వట్టి కాళ్ళతో. చెప్పులు గుళ్ళో ఉన్నాయి కదా.

షరీఫ్ అంతా విన్నాడు. మాడిన వడియం అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వలేదు, మహానుభావుడు. బల్ల సొరుగులోంచి చిన్న డబ్బా తీశాడు.

"మీ ఇంట్లో కంప్యూటరుకి జ్వరం తగ్గిన రోజునే నా దగ్గర కూడా ఒక నకలు ఉంచుకున్నాను బాబాయ్. ఇదిగో, పదకొండు పాటలూ ఉన్నాయి. మీ చేతికి మాత్రం ఇవ్వను. నేనే వస్తాను."

వచ్చాడు. పందిట్లో పురోహితులు మంగళసూత్రం ఎత్తి చూపించారు, బాజాలు మోగాయి, తలంబ్రాల పళ్ళెం ముందుకొచ్చింది. షరీఫ్ మైకుకి వైరు తగిలించాడు. మాణిక్యమ్మ గొంతు పందిరంతా నిండిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఆవిడ పెదవులు ఆ పాటతో పాటే కదిలాయి, చప్పుడు లేకుండా. గవరయ్య కండువాలో మొహం దాచుకున్నాడు. ఆ క్షణాన రాముడు కూడా కాస్త తల వంచి విన్నాడని అక్కడున్నవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. నేను నమ్ముతాను.

పానకం తాగుతూ గవరయ్య అడిగాడు. "షరీఫూ, మా దగ్గర పోయింది నీ దగ్గర ఎలా దక్కింది?"

"ఇంటి బయట, మా కొట్లో ఉంది కాబట్టి బాబాయ్. ఏది పోతే మళ్ళీ రాదో, దాన్ని ఒక్క చోటే ఉంచుకోకూడదు."

అయ్యో షరీఫూ, ఎందుకన్నావయ్యా ఆ మాట! ఇంకేముంది, ఇంటికెళ్ళగానే ముగ్గురూ గుమిగూడారు. మనింట్లో పోతే మళ్ళీ రానిది ఏది? గేదె? ఇంకోటి వస్తుంది. కంప్యూటరు? ఇంకోటి వస్తుంది. ముగ్గురూ ఒక్కసారే మంచంవైపు చూశారు.

మర్నాడు పొద్దున్నే షరీఫ్ కొట్టు తియ్యడానికి వస్తే, తలుపు ముందు పీట మీద మాణిక్యమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల మూట, చేతిలో మంచినీళ్ళ చెంబు. పక్కన గవరయ్య, చిట్టబ్బాయి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఇదేమిటి బాబాయ్?"

"అమ్మ ఒక్క చోటే ఉంది షరీఫూ. నకలు తీద్దామంటే వీలు పడలేదు. అందుకని అసలునే తెచ్చేశాం. వంతులు కూడా వేశాం. సోమ, బుధ, శుక్రవారాలు నీ కొట్లో ఉంటుంది. మంగళ, గురు, శనివారాలు ఇంట్లో."

"మరి మూడో చోటు?" అన్నాడు చిట్టబ్బాయి. "ఆదివారం దేవుడి గదిలో పెడతాం. అన్నయ్య పాలూ పెరుగూ సిద్ధం చేస్తున్నాడు."

షరీఫ్ రెండు చేతులూ జోడించి మాణిక్యమ్మ వైపు తిరిగాడు. "మామ్మగారూ, మీరైనా వద్దని చెప్పచ్చు కదా!"

మాణిక్యమ్మ ఆయన్ని దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో చెప్పింది.

"ఉండనీ నాయనా, నీ కొట్లోనే నయం. ఇంట్లో ఉంటే పెరట్లో రాయి మీద కూర్చోబెట్టి గొడుగు కడతామంటున్నారు. వాన పడిందా, తడుస్తాను. తడిస్తే చాప మీద ఎండేస్తారు. ఎండేస్తే ఇక నా కోడలి సంగతి నీకు తెలుసు కదా!"