వంతెన కట్టేసినట్టే

పొద్దెక్కినా మంచు కలలా కమ్ముకునే ఉండే మంచుకోనలో, జనం ఎవరిని భుజాలమీద ఏరు దాటిస్తే వాళ్లే రాజు. పోయినేడు రుద్రభూపతిని దాటించారు. ఏటిమీద వంతెన కట్టిస్తానన్నాడు మరి!

గద్దెనెక్కగానే, "వంతెన కట్టేసినట్టే. ఇక పడవలెందుకు?" అని దండోరా వేయించి, పడవలన్నీ తీయించేశాడు. వంతెన మాత్రం రాలేదు. రోగులనీ పసిపిల్లలనీ భుజాన వేసుకుని, జనం గుండెల్లోతు నీళ్లలో పడి దాటుతున్నారు.

ఏడాది తిరిగింది. ఆనవాయితీ ప్రకారం రాజుని మళ్లీ పల్లకీలో ఏరు దాటించాలి. కిందటేడు ఆశపడి మోసిన బోయీ చిట్టెన్నే ఈసారీ ముందు నడిచాడు. తెల్లటి మంచులో, ఏటి నడుమనున్న బండమీద పల్లకీని మెల్లగా దింపించాడు.

కునుకుతున్న రాజు ఉలిక్కిపడ్డాడు. "ఆపావేంరా?"

"ఒడ్డు చేర్చేసినట్టే ప్రభూ. ఇక బోయీలెందుకు?"

"ఒడ్డేదిరా? కనపడదే!"

"తమరి వంతెనకి పక్కనే ఉంది ప్రభూ."

బోయీలు మంచులో కలిసిపోయారు. మంచు విడేసరికి, పడవ తెమ్మని మొత్తుకుంటున్నది ఆ రాజ్యంలో రాజొక్కడే.