పదహారేళ్ల మోచెయ్యి

"మాస్టారూ! నా కొంప మునిగింది మాస్టారూ!"

వీధి మొదట్లో లేచిన కేక పానకాలు మాస్టారి అరుగు దాకా వచ్చి ఆగింది. దాని వెనకే జోజి వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, మీసం నున్నగా గీయించుకుని ఒలిచిన తాటిముంజెలా ఉన్నాడు. ఒకప్పుడు మంగళగిరి నాటకాల్లో మాస్టారి శిష్యుడు. ఇప్పుడు హైదరాబాదులో టీవీ నటుడు.

సంగతేమిటంటే, ఇన్నాళ్లకి సీరియల్లో పెద్ద వేషం దొరికింది. పదహారేళ్ల కుర్రాడు. వాడు సైకిల్ మీంచి పడి ఇంటికొచ్చే సీను. ఎన్నిసార్లు చేసినా డైరెక్టరు పకపకా నవ్వుతాడు. అదేమో నవ్వే సీను కాదాయె! సోమవారానికి కుదరకపోతే వేషం ఇంకొకడికి వెళ్లిపోతుంది.

"ఏదీ, చేసి చూపించు," అన్నారు మాస్టారు.

జోజి గంతులేసుకుంటూ గుమ్మం ఎక్కాడు. గొంతు సన్నం చేసి, మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, పడిపోయానే!" అని రాగం తీశాడు.

పప్పు ఎనుపుతున్న రత్తమ్మగారు, మాస్టారి భార్య, వంటింట్లోంచి తొంగిచూసింది. "పాలసీసా తెమ్మంటావా నాయనా?"

జోజికి ఉక్రోషం వచ్చింది. "పదహారేళ్ల వేషానికి పదహారేళ్లవాణ్ణే పెట్టుకోవచ్చుగా! మీరూ అంతే మాస్టారూ. మూతిమీద నూగైనా రాని నాకు తెల్లగడ్డం కట్టి తాతని చేశారు. యాభై దాటిన మీరేమో కుర్రవేషం కట్టారు. అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు!"

మాస్టారు లేచి వీధిలోకి దిగారు. డెబ్భై ఏళ్లు, బట్టతల, ముఖాన రంగన్నది లేదు.

కాసేపటికి తిరిగొచ్చారు. గంతుల్లేవు. మామూలుగానే నడిచారు, కాకపోతే కాస్త ఎక్కువ మామూలుగా. ఛాతీ విరుచుకుని, ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా గోడవారగా లోపలికి జారబోయారు.

"ఏమైంది?" అంది రత్తమ్మగారు.

"ఏం కాలేదు." గొంతు బొంగురుగా వచ్చింది.

ఆవిడ పప్పుగుత్తి అక్కడే పడేసి పరుగున వచ్చింది. "ఏం కాకపోవడమేంట్రా, ఏదీ ఆ చెయ్యి చూపించు! పసుపు పెడతానుండు..."

అని, మొగుణ్ణి ఏమని పిలిచిందో తెలిసొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూలబడి నవ్వింది. మాస్టారూ నవ్వారు. జోజి నవ్వలేదు. కళ్లార్పకుండా మాస్టారి మోచేతి వైపే చూస్తున్నాడు.

"దెబ్బ దాచడం పదహారేళ్లవాడికీ వచ్చురా," అన్నారు మాస్టారు. "దాస్తున్నాడని జనానికి తెలిసేలా దాచడం, ఆ వయసు దాటొచ్చినవాడికే వస్తుంది."

ముగ్గురూ చాపలేసుకుని భోజనానికి కూర్చున్నారు. వేడివేడి పప్పు, గోంగూర పచ్చడి. జోజి కంచం క్షణంలో ఖాళీ అయింది.

"ఇంకాస్త పెట్టనా?" అంది రత్తమ్మగారు.

జోజి ఛాతీ విరుచుకుని కిటికీ వైపు చూశాడు. "వద్దు. నాకేం ఆకలిగా లేదు."

ఆవిడ పప్పుగిన్నె దగ్గరికి లాక్కుని రెండు గరిటెలు వడ్డించింది.