రోజా వారి పిల్లకి సంబంధం

వాసంశెట్టి వారింట్లో తెలివికి లోటు లేదు. ఆ మాట చెప్పింది కూడా వాళ్ళే. "ఊరికి రావలసిన తెలివంతా మన బుర్రల్లోనే ఇరుక్కుపోయింది, అందుకే మిగతావాళ్ళకి చాలట్లేదు పాపం" అని పెద్దవాడు సూరన్న రోజూ అరుగు మీద కూచుని జాలిపడేవాడు. "అవునన్నయ్యా, వానొస్తే వాళ్ళు గొడుగేసుకుంటారు. మనం తడిసి, అది వానేనని రూఢి చేసుకుంటాం" అనేవాడు తమ్ముడు బుల్లెబ్బాయి. తల్లి నూకరత్నం ఆ మాటలకి మురిసిపోయి, ఇద్దరికీ ఉప్పుతో దిష్టి తీసి, పారేస్తే దండగని ఆ ఉప్పే పప్పులో వేసేది.

నూకరత్నానికి పెరట్లో ఒక గులాబీ మొక్క ఉంది. మొగుడు బతికుండగా తన చేత్తో కుండీలో నాటి ఇచ్చింది. అదంటే ఆవిడకి ప్రాణం. అలాంటిది ఉన్నట్టుండి వాడిపోయింది. "ఇది పోతే నేను అన్నం ముట్టను" అని ముసలావిడ కుండీ పక్కనే చాప వేసుకుంది.

అంతే, సూరన్న పరుగున వెళ్ళి కాలేజీలో మొక్కల పాఠం చెప్పే హైమావతి మేడమ్‌ని పిలుచుకొచ్చాడు. ఆవిడ మట్టి తవ్వి చూసింది.

"వేళ్ళు కుళ్ళిపోయాయండీ. ఈ ఒక్క కొమ్మే పచ్చిగా ఉంది. దీన్ని నాటు గులాబీకి అంటు కట్టించండి, బతుకుతుంది."

"దీని పేరేంటమ్మా?" అంది నూకరత్నం.

"శాస్త్రంలో రోజా డమస్సీనా అంటారు. నాటుదేమో రోజా మల్టీఫ్లోరా. మనకి ఇంటిపేరు ముందొచ్చి సొంతపేరు తర్వాత వచ్చినట్టే వీటికీను. రెండూ రోజాలే కాబట్టి అంటు బాగా పడుతుంది. ఆపిలూ, బాదంపప్పూ, స్ట్రాబెర్రీ కూడా వీటి రోజేసీ కుటుంబమే. అడవి గులాబీ పువ్వునీ ఆపిల్ పువ్వునీ పక్కపక్కన పెట్టి చూడండి. ఐదేసి రేకులు, మధ్యలో బోలెడు కేసరాలు, ఒకటే పోలిక!"

మేడమ్ బస్సుకి టైమవుతోందని వెళ్ళిపోయింది. అన్నదమ్ముల మొహాలు మాడిపోయాయి.

"విన్నావట్రా? ఇద్దరిదీ ఒకే ఇంటిపేరట!"

"అంటే అన్నాచెల్లెళ్ళే కదన్నయ్యా! వాళ్ళకా ముడి పెట్టమంటుంది? చదువెక్కువైతే ఇంతే."

నూకరత్నం చెవులు మూసుకుంది. "నా పిల్ల చావనన్నా చస్తుంది గానీ సగోత్రీకుణ్ణి చేసుకోదు!"

ఇంకేముంది, పిల్లకి జబ్బని ముందు దాని చుట్టాలకి కబురందాలన్నారు. బుల్లెబ్బాయి బజారెళ్ళి ఆపిల్ పళ్ళూ బాదంపప్పులూ తెచ్చి కుండీ చుట్టూ కూచోబెట్టాడు. "పలకరించండర్రా, మీ ఇంటి పిల్లే!" అని బతిమాలాడు. చుట్టాలు నోరు విప్పలేదు. ఎండకి కమిలి కుళ్ళారు. చీమలొచ్చాయి. "చూశావా, వాళ్ళ తరఫు వాళ్ళు కూడా వచ్చారు" అని సూరన్న చీమలకి మర్యాదగా పంచదార పెట్టాడు. మర్యాద నచ్చి అవి మొక్కంతా ఎక్కేశాయి.

ఇక లాభం లేదు, బయటి సంబంధమే చూడాలి. హోదా కూడా కుదరాలి మరి. మనకి ముళ్ళున్నాయి, వాళ్ళకీ ఉండాలి. బుల్లెబ్బాయి చేలగట్టు మీద నాగజెముడుని చూశాడు. ఒళ్ళంతా ముళ్ళే! ఎంత కలవారి సంబంధం! ఆనందం పట్టలేక "బావగారూ!" అని కావలించుకున్నాడు.

ఇంటికొచ్చిన తమ్ముడి ఒంట్లోంచి ముళ్ళు పీకుతూ సూరన్న తేల్చేశాడు. "పెళ్ళికి ముందే ఇంత చెయ్యి చేసుకుంటే, రేపు పిల్లనేం చూస్తాడు? వద్దు."

ఈలోగా ఆ ఒక్క కొమ్మా పసుపెక్కుతోంది. పక్కింటి మాణిక్యం అంట్లు కట్టి అమ్ముకునే మనిషి. గోడ మీంచి ఇదంతా చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

"పిన్నీ, సాయంత్రానికి ఇదీ పోతుంది. నన్ను అంటు కట్టనీ."

"సగోత్రం కదమ్మా!"

మాణిక్యం నెత్తి కొట్టుకుంది. "సరే, మా పెరట్లో కుండీలో ఉన్న నాటు గులాబీని నేను దత్తత తీసుకుంటా. ఇవాళ్టి నుంచి దానికి మా ఇంటిపేరే. చిక్కాల మల్టీఫ్లోరా. ఇప్పుడేమంటారు?"

"మాణిక్యక్కా, మా పక్కింట్లో ఉండి ఉండి నీకూ తెలివొచ్చేసింది!" అన్నాడు బుల్లెబ్బాయి. "అక్కేంట్రా, వియ్యపురాలు!" అని సూరన్న కసిరాడు.

మాణిక్యం ఇంకో మాటకి సందివ్వకుండా ఆ నాటు మొక్కని కుండీతో సహా తెచ్చి, పచ్చి కొమ్మని కోసి దానికి అంటు కట్టేసింది. కట్టుకి పసుపు రాస్తే గానీ ఒప్పుకోమంటే అదీ రాసింది. అంటు పడింది. చిగురేసింది. నూకరత్నం ఆ పూట కంచం నిండా అన్నం తింది.

మర్నాడే సూరన్న, "పెళ్ళయిన పిల్ల ఇంకా పుట్టింట్లోనా? నలుగురూ నవ్వరూ?" అన్నాడు. అంతే, డప్పు కొట్టించి కుండీని మాణిక్యం గుమ్మంలో దింపేశారు. "అత్తగారు ఎండలో పెడితే ఎండలోనే ఉండమ్మా, ఎదురు చెప్పకు" అని నూకరత్నం ఏడుస్తూ బుద్ధులు చెప్పింది.

"పిన్నీ, నీ మొక్క నీకు దక్కాలనే కదా ఇదంతా చేశాను!" అంది మాణిక్యం.

"ఇచ్చిన పిల్లని వెనక్కెలా తెచ్చుకుంటామమ్మా!"

అప్పట్నుంచీ నూకరత్నం పొద్దస్తమానం గోడ పట్టుకుని వేలాడుతూ కూతుర్ని చూసుకునేది. ఒకరోజు అక్కణ్ణించే కేక పెట్టింది. "ఒరేయ్, పిల్ల మొగ్గ తొడిగిందిరా! మొదటి కాన్పు పుట్టింట్లోనే! ఎవరన్నా వెళ్ళి తీసుకురండి!"

మాణిక్యం సంతకెళ్ళింది. అన్నదమ్ములు గోడ దూకారు. బుల్లెబ్బాయి కుండీ ఎత్తబోతే సూరన్న ఆపాడు.

"కాన్పుకి పిల్లొస్తుంది గానీ, అల్లుడెందుకురా? మంచమెక్కి కూచుని తినడానికా?"

"నిజమేనన్నయ్యా. అల్లుడెక్కడిదాకా?"

"ఇదిగో, కట్టు కట్టిన చోటు దాకా అల్లుడు. ఆ పైనంతా మన పిల్లే."

బుల్లెబ్బాయి కత్తి తీసి, అల్లుడికి దెబ్బ తగలకుండా, చూసి చూసి సరిగ్గా అక్కడ కోశాడు. గుమ్మంలో నూకరత్నం ఎర్రనీళ్ళు తిప్పి పోసి, పిల్లని మంచం మీద పడుకోబెట్టి, మెడ దాకా దుప్పటి కప్పింది.

"ఏంట్రా, పిల్ల ఇలా తల వాల్చేసింది?"

"నొప్పులమ్మా, నొప్పులు!" అన్నాడు సూరన్న.

బుల్లెబ్బాయి అప్పటికే మంత్రసాని కోసం పరిగెత్తాడు.