ముందే వచ్చి వెళ్ళినవాడు

"పని అయిపోయిన ఊరికి మళ్ళీ ఎందుకు వెళతారు గురువుగారూ?" అని ఒకరోజు భీమలింగాచారి ఉండబట్టలేక అడిగాడు.

శిల్పి పూర్ణాచారిగారికి ఒక అలవాటు ఉండేది. ఎక్కడ విగ్రహం చెక్కి నిలబెట్టినా, ఏడాదికోసారి ఆ ఊరు వెళ్ళి, అక్కడివాళ్ళ మంచిచెడ్డలు కనుక్కుని, ఇంత మజ్జిగ తాగి వచ్చేసేవారు. పని మాట ఎత్తేవారు కారు. శిష్యుడికి ఇది శుద్ధ దండగగా తోచేది. అతని పద్ధతి వేరు. ఫోను నిండా పేర్లు. ప్రతి పేరు పక్కనా ఆ మనిషి దేనికి పనికొస్తాడో కూడా ఎక్కించుకునేవాడు. మస్తాన్, లారీ. నాగభూషణం మాస్టారు, గుడి కమిటీ. అవసరమొస్తే ఒక్క నొక్కు నొక్కితే చాలని మహా ధీమా. కానీ ఎనిమిది నెలలుగా ఎన్ని నొక్కులు నొక్కినా పని రాలేదు. ఈ నెల దాటితే ఉలి పక్కన పడేసి, గ్రానైట్ పలకలు కోసే ఫ్యాక్టరీలో కూలికి చేరాలి. నలభై ఏళ్ళవాడికి అది తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

పూర్ణాచారి చెయ్యి చాపారు. "ఫోను ఇక్కడ పెట్టు. ఆ మస్తాన్‌కీ, మాస్టారికీ నువ్వే పోయి కనబడు" అన్నారు.

లారీతో పని తీరాక మస్తాన్ గుమ్మం మళ్ళీ తొక్కలేదు, ఆరేళ్ళయింది. ఏం మొహం పెట్టుకుని వెళ్ళాలా అనుకుంటూనే వెళ్ళాడు. మంచం మీద పడుకున్న మస్తాన్ చటుక్కున లేచి కూర్చున్నాడు. "రావయ్యా ఆచారీ! ఆస్పత్రిలో నాలుగు రోజులు నా పక్కనే కూర్చుని బత్తాయిలు ఒలిచి పెట్టావు. సొంత తమ్ముడు చేస్తాడా అట్లా?" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆస్పత్రి సంగతే భీమలింగానికి తెలియదు. మందుల మత్తులో ఎవరినో చూసి తననుకున్నాడులే అని సరిపెట్టుకున్నాడు. కాదంటే లారీ సాయం పోతుందని కాదనలేదు.

మాస్టారింట్లో గోడ మీద ఆయన భార్య ఫోటోకి దండ వేసి ఉంది. భీమలింగం కొయ్యబారిపోయాడు. అప్పటి గుడి పని ముగిశాక ఇటు రాని అతనికి ఆవిడ పోయినట్టు కబురే లేదు.

"కొత్తగా చూస్తావేమిటోయ్? పాడె మోసిన నలుగురిలో నువ్వొకడివి" అన్నారు మాస్టారు, అతని భుజం మీద చెయ్యి వేసి. "భుజం నొప్పి తగ్గిందా?"

అతని కుడి భుజం నెల్లాళ్ళుగా లాగుతూనే ఉంది. ఎందుకో అంతుపట్టక తైలం రాస్తున్నాడు. అయినా ఫ్యాక్టరీ గుర్తొచ్చి, భయం దిగమింగి నోరు తెరిచాడు.

"మాస్టారూ, గుడికి కొత్త పీఠం చేయిస్తున్నారట. ఆ పని నాకిప్పించండి."

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని అతన్ని పైనుంచి కిందికి చూశారు.

"ఎవరు బాబూ మీరు?"

"నేనండీ, భీమలింగాన్ని."

"భీమలింగం ఇన్నేళ్ళలో మమ్మల్ని ఏదీ అడగలేదు. ఆ పని వాడికే అనుకున్నాం. ఇవాళ వస్తాడు, రాగానే చెప్పాలి."

వీధి వైపు చెప్పులు విడిచిన చప్పుడైంది. ఎవరో దగ్గారు. రాతి దుమ్ము పట్టిన ఆ పొడి దగ్గు భీమలింగానికి బాగా తెలుసు, అచ్చం తనదే. మాస్టారి మొహం విప్పారింది. "అదిగో, వచ్చాడు!"

భీమలింగం వెనక్కి తిరిగి చూడలేదు. వంటింట్లోంచి, పెరట్లోంచి పడి, ఒట్టి కాళ్ళతో మండుటెండలో రోడ్డెక్కాడు.

జరిగినదంతా గురువుగారికి చెబుతుంటే అతని పళ్ళు టకటకలాడుతున్నాయి. "వాడెవడు గురువుగారూ? నా పని వాడికిచ్చేశారు."

"అప్పట్లో పని ముగించుకుని ఆ ఇళ్ళ నుంచి బయల్దేరేటప్పుడు వాళ్ళతో ఏమన్నావు?"

"అందరూ అనేదే... వెళ్ళొస్తానన్నాను."

పూర్ణాచారి ఉలి అందుకున్నారు. "మరి వస్తానని అన్నాక ఎవరో ఒకరు వెళ్ళాలి కదా, నాయనా."