యజమాని సంతకం

సుభద్రమ్మగారి ఆశ్రమంలో "నాది" అన్న మాటకు శిక్ష ఉంది. ఆ మాట ఎవరి నోట వచ్చినా వాళ్ళు నూతిలోంచి పది చేదల నీళ్ళు తోడి నందివర్ధనం మొక్కలకు పొయ్యాలి. రూలు పెట్టింది ఆవిడే, మేమంతా అమ్మ అంటాం. భీమిలి దాటాక సరుగుడు తోటల మధ్య ఉంటుంది ఆశ్రమం. ఏడుగురం ఉంటాం, వంట నేను చూస్తాను. మొదట్లో రోజూ ఎవరో ఒకరం నీళ్ళు తోడుతూనే ఉండేవాళ్ళం. పోనుపోను నాలుకలు దారికొచ్చాయి, మొక్కలు కాస్త వాడిపోయాయి.

అందరికన్నా ముందు దారికొచ్చిన నాలుక నరహరిగారిది. ఆయన సర్వేయరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు గొలుసు పట్టుకుని ఈ గట్టు ఎవరిది, ఆ భూమి చెక్క ఎవరిది అని హద్దురాళ్ళు పాతించిన మనిషి, ఇక్కడికొచ్చిన ఆరు నెలలకే "నా మోకాలు" అనడం మానేసి "ఈ మోకాలు నొప్పిగా ఉంది" అనడం మొదలుపెట్టారు. మూడేళ్ళుగా ఆయన చేంతాడు ముట్టుకోలేదు. ఆ సంగతి మేం మరిచిపోకుండా ఆయనే చూసుకునేవారు.

ఒక సోమవారం పొద్దున్న పాఠం అయ్యాక ఆయన చేతులు కట్టుకుని అడిగారు.

"అమ్మా, 'నాది' అన్నది పూర్తిగా పోయిందని మనిషికి ఎలా తెలుస్తుంది?"

నీకు పోయింది నాయనా అని నలుగురిలో అనిపించుకోవాలని ఉంది ఆయనకి. అది మా అందరికీ అర్థమయింది. అమ్మ మాత్రం వరండా చివరకి చూస్తూ కూర్చుంది.

"పిల్లి మూడు రోజులనుంచి సరిగ్గా తినటం లేదు. నువ్వూ పార్వతమ్మా పట్నం తీసుకెళ్ళి చూపించుకురండి" అంది, నన్ను కూడా చూపిస్తూ.

ఆ బూడిదరంగు పిల్లి ఆశ్రమం కట్టిన ఏడు వచ్చి చేరింది, పదిహేనేళ్ళ మాట. దానికి పేరు లేదు. పేరు పెడితే మనదైపోతుందని అప్పట్లో ఎవరో అన్నారు, అలాగే ఉండిపోయింది. నెలరోజులుగా దాని నోట్లోంచి చొంగ, చెడ్డ వాసన. పెరుగన్నం దగ్గరికి ఆత్రంగా వచ్చేది, ఒక ముద్ద నోట పెట్టుకునేది, గట్టిగా అరిచి పంజాతో మూతి గీరుకుంటూ వెనక్కి పోయేది. ఆకలితో వచ్చి అలా పోతుంటే చూడలేకపోయేదాన్ని.

బుట్టలో పెట్టి, పైన పాత చీర కట్టి, ఆటోలో విశాఖపట్నం తీసుకెళ్ళాం. అక్కడ కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే డాక్టరు హిమజగారు దాని నోరు తెరిచి చూసి, రక్తం తీసి పరీక్ష చేయించి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"నాలుగైదు పళ్ళు వేళ్ళదాకా కుళ్ళిపోయాయండి. తియ్యాల్సిందే. తియ్యాలంటే పూర్తిగా మత్తు ఇవ్వాలి. ఇక్కడే ఉంది ఇబ్బంది. వయసయిపోయింది, కిడ్నీలు కొంచెం మందకొడిగా పనిచేస్తున్నాయి. మత్తులో బీపీ పడిపోతే తట్టుకోలేకపోవచ్చు. ముందే సెలైను పెడతాం, ఒళ్ళు చల్లబడకుండా చూస్తాం, బీపీ చూస్తూనే ఉంటాం. అయినా లేవకపోవచ్చు. ప్రమాదం ఎంతంటే అంకె చెప్పలేను."

"తియ్యకపోతే?" అన్నాను.

"నొప్పికి తిండి పూర్తిగా మానేస్తుంది. పిల్లి కొన్నాళ్ళు పస్తుంటే లివరు పాడైపోతుంది. అప్పుడు నేను చెయ్యగలిగేది పెద్దగా ఉండదు. పొద్దుటినుంచి ఏమీ తినలేదన్నారుగా, ఈ మధ్యాహ్నమే చేసేద్దాం. దీనిమీద సంతకం పెట్టండి."

కాగితంలో నాలుగు లైన్లున్నాయి. మత్తువల్ల ప్రాణం పోయే అవకాశం ఉందని తెలిసే ఒప్పుకుంటున్నాను అని. కింద గీత, గీత కింద "యజమాని" అని ఉంది. నరహరిగారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. తరవాత కాగితాన్ని మర్యాదగా వెనక్కి జరిపారు.

"దీనికి యజమాని లేరమ్మా. ఆశ్రమం పిల్లి. మాలో ఎవరిదీ కాదు."

"అలాగైతే ఎవరి మాటమీద మత్తివ్వాలండీ?"

"అంతా ఈశ్వరుడిదేనమ్మా."

పక్కన బుట్ట పట్టుకున్న నర్సు ఊరుకోలేదు. "ఆయన ఎప్పుడొస్తారండీ సంతకానికి?" అంది.

నరహరిగారు నొచ్చుకున్నారు. డాక్టరు నావైపు చూసింది. అబద్ధమెందుకు, కలం నా చేతిలోకి తీసుకున్నాను కూడా. పిల్లి లేవకపోతే, ఈ గీతమీద జన్మంతా నా పేరే ఉంటుంది కదా అనిపించింది. కలం కింద పెట్టేసి, రూలు ఒప్పుకోదమ్మా అన్నాను. రూలు ఎంత చక్కగా అడ్డం వచ్చిందో ఆ రోజు!

డాక్టరు కాగితం సొరుగులో పెట్టేసింది. నొప్పికి ఒక ఇంజెక్షనిచ్చి, ఆలస్యం చెయ్యకండి, రేపైనా తీసుకురండి అని పంపించేసింది. దారంతా అది బుట్టలో మూలుగుతూనే ఉంది.

ఆశ్రమం చేరాక పళ్ళ సంగతి చెప్పాం. "తీశారా?" అని అడిగింది అమ్మ.

"లేదమ్మా. యజమాని సంతకం కావాలన్నారు. మనం ఎలా పెడతాం?" అన్నారు నరహరిగారు. ఆ చెప్పడంలో, కష్టమైన పరీక్షలో నెగ్గుకొచ్చిన తృప్తి ఉంది.

అమ్మకి డెబ్భై ఎనిమిది. ఆరేళ్ళుగా ఆశ్రమం గేటు దాటలేదు. మర్నాడు పొద్దున్నే చేతికర్ర పట్టుకుని వచ్చి ఆటోలో కూర్చుంది. బుట్ట ఒళ్ళో పెట్టమంది. నరహరిగారూ నేనూ పక్కన ఎక్కాం.

డాక్టరు నిన్న మాకు చెప్పిందంతా మళ్ళీ మొదటినుంచి చెప్పింది. అమ్మ మొత్తం విని ఒక్కటే అడిగింది.

"ఇది నీదైతే ఏం చేస్తావమ్మా?"

డాక్టరు బుట్టలోకి ఓసారి చూసింది. "చేయిస్తానండి. భయపడుతూనే చేయిస్తాను."

అమ్మ కాగితం తీసుకుంది. ఒక్కో అక్షరమే రాస్తుంటే చాలాసేపు పట్టింది. గీతమీద తన పేరు రాసి, అది చాలదన్నట్టు పక్కనే ఇంకో రెండు మాటలు రాసింది. "పిల్లి నాది."

లోపలికి తీసుకెళ్ళారు. గంట గడిచింది. ఇంకో అరగంట గడిచాక డాక్టరు బయటికొచ్చి, "అయిదు పళ్ళు తీశాం. ఒకదాని వేరు విరిగింది, అందుకే ఆలస్యం. గుండె బాగానే కొట్టుకుంటోంది, ఇంకా తెలివి రాలేదు" అని చెప్పి వెళ్ళిపోయింది.

"ఏం జరిగినా ఈశ్వరేచ్ఛేనమ్మా" అన్నారు నరహరిగారు మెల్లిగా.

అమ్మ ఆయనవైపు తిరగలేదు. నా చెయ్యి పట్టుకుంది. "భయమేస్తోంది పార్వతమ్మా" అంది. పదిహేనేళ్ళలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

చాలాసేపటికి లోపల్నించి బొంగురుగా ఒక అరుపు వినిపించింది. నర్సు తలుపు తీసి, "సుభద్రమ్మగారి పిల్లి!" అని పిలిచింది. అమ్మ చేతికర్ర కుర్చీలోనే మరిచిపోయి లేచి నడిచింది.

నాలుగో రోజుకి పిల్లి డాక్టరిచ్చిన చేపల వాసనొచ్చే డబ్బా తిండిని వంటింటి గుమ్మం బయట కూర్చుని గిన్నె అడుగుదాకా నాకింది. అమ్మ పక్కనే నిలబడి అది మూతి తుడుచుకునేదాకా చూసింది. చూశాక కొంగు బిగించి నూతి దగ్గరికి నడిచింది. చేద వేసి తోడటం మొదలుపెట్టింది.

మేమందరం పరిగెత్తాం. నరహరిగారు అందరికన్నా ముందు వెళ్ళి చేంతాడు పట్టుకున్నారు.

"అమ్మా, మీరు ఆగండి. ఈ వయసులో మీరెందుకు? నేను తోడతాను."

"నువ్వెందుకు? ఆ మాట అన్నది నేను" అంది అమ్మ. అది మూడో చేద. ఆయన చేతిలోంచి తాడు మెల్లిగా విడిపించుకుంది.

"మొన్న అడిగావు కదా, పూర్తిగా పోయిందని ఎలా తెలుస్తుందని. నీకు పోయింది నాయనా. దాంతోపాటు పిల్లి కూడా పోయేదే."